రెండు ముక్కల నడుమ

గద్వాల కోటగోడ నీడన చిలక జోస్యం చెప్పే ఒకాయన కూర్చునేవాడు. ముందు గోనెపట్టా, దాని మీద వరసగా పేర్చిన మడత అట్టలు, పక్కన చిన్న పంజరం. ఒకరోజు అమ్మతో సంతకు పోతూ అక్కడ ఆగాం. చిలక బయటికొచ్చి అట్టల వెంట అటూ ఇటూ నడిచి, ముక్కుతో ఒకటి లాగింది. దానికి అంటుకుని ఇంకోటి కూడా జారిపడింది. ఆయన ఆ రెండోదాన్ని మెల్లగా కట్టలోకి తోసి, చిలకకు ఒక వరిగింజ అందించి, "ఒకటే సాలు తల్లీ" అన్నాడు. మొదటి అట్ట విప్పితే రాముడి పట్టాభిషేకం. అమ్మ సంబరంగా లేచింది. నా మనసు మాత్రం రెండో అట్ట దగ్గరే ఉండిపోయింది. అందులో ఏ బొమ్మ ఉంది? రెండూ కలిపి చెప్పి ఉంటే ఏమని చెప్పేవాడు?

చిలకను పంజరంలో పెట్టడానికి ఇప్పుడు వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చాలా ఏళ్లకు టారో ముక్కల చరిత్ర చదువుతుంటే అర్థమైంది, నాలాగే అడిగినవాళ్లు ఎందరో ఉన్నారని. దానికి ఒక దారి దొరకడానికి యూరప్‌లో సుమారు నూట నలభై ఏళ్లు పట్టింది.

టారో పుట్టింది జోస్యం కోసం కాదు, ఆట కోసం. 1440 ప్రాంతంలో ఉత్తర ఇటలీ దొరల ఇళ్లలో మొదలైంది. మొత్తం 78 ముక్కలు. కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు అని నాలుగు రంగులు, రంగుకు 14 చొప్పున 56. వాటి మీద పెత్తనం చేసేవి మరో 22 బొమ్మ ముక్కలు. సూర్యుడు, చంద్రుడు, మృత్యువు, పిచ్చివాడు లాంటివన్నీ అందులోవే. మనం పేకలో ఇస్పేటు అంటామే, ఆ మాట మూలం వెతుక్కుంటూ పోతే చివరికి దొరికేది కూడా కత్తే. మూడు వందల ఏళ్లపాటు ఈ ముక్కల్ని జనం ముఖ్యంగా ఆడుకున్నారు, పందేలు కాశారు.

ముక్కల భాషను పద్ధతిగా పుస్తకంలో పెట్టే పని పారిస్‌లో అలియెట్ అనే ఆయన తలకెత్తుకున్నాడు. 1738లో పుట్టాడు. విత్తనాలమ్మాడు, అచ్చుబొమ్మలమ్మాడు. ముక్క తలకిందులుగా పడితే అర్థం మారుతుందని చెప్పిన ఈ మనిషి ముందుగా తన ఇంటిపేరునే వెనక నుంచి చదివి "ఎతేయా" అని పెట్టుకున్నాడు. 1770లో ఆయన పుస్తకం వచ్చింది. అప్పటికింకా టారో జోలికి పోలేదు. 32 ముక్కల మామూలు పేకతోనే సరిపెట్టాడు. ఒక్కో ముక్కకు నిలువుగా పడితే ఒక అర్థం, తిరగబడితే ఇంకో అర్థం. ఆ పైన ఒక పట్టీ: ఇద్దరు రాజులు కలిసి వస్తే ఇది, ముగ్గురు వస్తే ఇది, నలుగురూ వస్తే ఇది. సాటివాళ్లు కలిసినప్పుడు ఆ పట్టీ బాగానే పలికింది. రాజు పక్కన ఏడు పడితే మాత్రం అందులో చోటు లేదు.

ఇంతలో 1781లో కూర్ ద జెబెలాఁ అనే పండితుడు ఒక మాట వదిలాడు. టారో ముక్కలంటే ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానగ్రంథమట, ఆట ముసుగులో మనదాకా వచ్చిందట. అప్పట్లో ఈజిప్టు లిపి చదవగలిగినవాడు ప్రపంచంలోనే లేడు కనుక కాదనేవాడూ లేకపోయాడు. 1822లో షాంపోలియఁ ఆ లిపిని విప్పేనాటికి జెబెలాఁ లేడు. టారో ఊసు ఈజిప్టు రాతల్లో ఎక్కడా లేదు. అయితేనేం, ఆ తప్పుడు కథే టారోను పేకాట బల్ల మీంచి జోస్యం బల్ల మీదికి ఎక్కించింది. ఎతేయా 1785లో టారో మీద పుస్తకం రాశాడు, 1789లో జోస్యానికని తన సొంత కట్ట అచ్చు వేయించాడు, అర్థాలు ముక్కల మీదే ముద్రించి మరీ.

చిక్కంతా ఇక్కడే వచ్చిపడింది. జతకో అర్థం రాసి పెట్టుకుందామంటే 78 ముక్కల్లో జతలే 3,003. ఏది ముందు, ఏది వెనక, ఏది నిలువు, ఏది తలకిందులు అని కూడా చూస్తే లెక్క 24,024కు చేరుతుంది. అమరకోశం వల్లె వేసిన మన తాతలకు కూడా ఇది మింగుడుపడే లెక్క కాదు.

1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య బృందం ఇంకో ఉపాయం పన్నింది. కర్రలు అగ్ని, గిన్నెలు నీరు, కత్తులు గాలి, నాణేలు భూమి. ఒకే భూతానికి చెందిన ముక్కలు పక్కపక్కన పడితే రెండింటికీ బలం. నిప్పూ నీరూ, గాలీ భూమీ ఎదురుపడితే ఒకదాన్నొకటి నీరసపరుస్తాయి. మిగతావి స్నేహంగా ఉంటాయి. గ్రహమైత్రి తెలిసిన మనకు ఇది వింతేం కాదు. కంఠస్థం బాధ తప్పింది. ఏ ముక్కకు బలమో, ఏది నీరసమో కూడా తెలిసింది. కానీ వియ్యాలవారి మధ్య మాటలున్నాయా లేవా అన్నంతవరకే ఈ సూత్రం. వాళ్లేం మాట్లాడుకున్నారంటే నోరు విప్పదు.

నోరు విప్పించింది ఒక చిత్రకారిణి. ఆమె పేరు పామెలా కోల్మన్ స్మిత్. 1878లో లండన్‌లో పుట్టింది. చిన్నతనంలో కొన్నాళ్లు జమైకాలో పెరిగింది. అక్కడి జానపద కథలు నేర్చుకుని సభల్లో చెప్పేది కూడా. ఆమె బొమ్మలు వేసే మనిషే కాదు, కథలు చెప్పే మనిషి కూడా. ఈ సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. 1909లో గోల్డెన్ డాన్‌కు చెందిన ఆర్థర్ వెయిట్ ఆమెతో కొత్త కట్ట వేయించాడు. అంతకు రెండేళ్ల ముందే, 1907లో, పదిహేనో శతాబ్దపు సోలా బుస్కా అనే ఇటలీ కట్ట ఫొటోలు బ్రిటిష్ మ్యూజియంకు చేరడం ఒక అదృష్టం. అందులో చిన్న ముక్కలకు కూడా బొమ్మలున్నాయి. గుండెను గుచ్చిన మూడు కత్తుల ముక్క రెండు కట్టల్లోనూ చూస్తే, పామెలా ఆ ఫొటోల ముందు నిలబడి ఉంటుందని నమ్మబుద్ధేస్తుంది.

అప్పటిదాకా చలామణిలో ఉన్న కట్టల్లో అయిదు కత్తులంటే, మన పేకలోలాగే, వట్టి అయిదు కత్తులు. పామెలా 78 ముక్కల్లో చాలావాటిలో మనుషుల్నీ, దారుల్నీ, వాతావరణాన్నీ పెట్టింది. ఇంకేం, రెండు ముక్కలు పక్కన పెడితే రెండు సన్నివేశాలు. చూసే కళ్లే వాటి మధ్య కథ అల్లుకుంటాయి. పట్టీ అక్కర్లేదు.

ఈ విద్య మన ఊరికి కొత్తదా? సంస్థానం రోజుల్లో విద్వద్గద్వాల అనిపించుకున్న ఊరు ఇది. తిరుపతి వేంకట కవులు వచ్చివెళ్లిన చోటు. అవధానంలో దత్తపది సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. పృచ్ఛకుడు ఇడ్లీ, వడ, పూరీ, దోసె అని నాలుగు పదాలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. ఆ పదాల్లో భారతం లేదు. అవధాని వాటిని కలిపే చోట పుడుతుంది. ముక్కలకు భవిష్యత్తు తెలుసని నేననను. కట్ట కలిపితే ఏది పైకొస్తుందన్నది వట్టి కాకతాళీయం. అయినా పృచ్ఛకుడిచ్చే పదాలు కూడా అంతే కదా.

పామెలా గీసిన మృత్యువునూ సూర్యుణ్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి దాంట్లో నల్ల కవచం తొడుక్కున్న అస్థిపంజరం తెల్లగుర్రం మీద వస్తుంది. చేతిలో నల్లజెండా, దాని మీద తెల్లపువ్వు. రాజు నేలకొరిగాడు. గుర్రం ముందు ఒక పసివాడు మోకాళ్ల మీద ఉన్నాడు. ఎక్కడో దూరాన రెండు బురుజుల నడుమ సగం సూర్యుడు. ఇప్పుడు రెండో ముక్క చూడండి. తెల్లగుర్రమే. మీద బోసిగా ఒక పసివాడు, చేతిలో ఎర్రజెండా. గోడవతల పొద్దుతిరుగుడు పూలు, ఆకాశంలో నిండు సూర్యుడు. గుర్రం మారలేదు, మీదున్నవాడు మారాడు. మోకరిల్లిన పిల్లాడే ఎక్కి కూర్చున్నాడేమో. ఒక్కో ముక్కా విడిగా ఈ మాట చెప్పదు.

ఇంత పనికి తనకు దక్కిన డబ్బు బహు స్వల్పమని పామెలా 1909లోనే ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాసుకుంది. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే ఊళ్లో అప్పులతో పోయింది.

అవే రెండు ముక్కలు తారుమారుగా పడ్డాయనుకోండి. ముందు సూర్యుడు, తర్వాత మృత్యువు. పిల్లాడు గుర్రం దిగాడు, జెండా నల్లబడింది, నిండు సూర్యుడు బురుజుల మధ్యకు జరిగి సగమయ్యాడు. ఆ సగం సూర్యుడు పొడుస్తున్నాడా, గుంకుతున్నాడా? ఎంత దగ్గరగా పట్టుకుని చూసినా పామెలా గీతలో ఆ తేడా దొరకదు.