హాలు అమరిక

తెలుగు నగరాల్లో రెండు పడకగదుల ఫ్లాటు చూస్తే, పడకగదులు, వంటిల్లు, స్నానాలగదులు పోగా మిగిలిన చోటంతా హాలే. వచ్చినవాళ్లు కూర్చునేది అక్కడ. ఇంటిల్లిపాదీ భోంచేసేది, టీవీ చూసేది, పిల్లలు హోంవర్కు రాసుకునేది అక్కడ. ఊరి నుంచి తాతయ్య, నానమ్మ వస్తే పక్క వేసేదీ, శ్రావణ శుక్రవారం కలశం పెట్టేదీ అక్కడే. ఇన్ని పనులు ఒకదానికొకటి అడ్డం రాకుండా ఒకే గదిలో సాగేలా సోఫా, బల్ల, మంచం, బీరువా వంటి సామానుకు చోటు నిర్ణయించడమే హాలు అమరిక.

ఈ పని కుదరనప్పుడు నింద సాధారణంగా ఇరుకు మీద పడుతుంది. కానీ చాలా హాళ్లు కొలతల్లో మరీ చిన్నవి కావు. నివాసపు గదికి కనీసం 9.5 చదరపు మీటర్ల వైశాల్యం, 2.4 మీటర్ల వెడల్పు ఉండాలని భారత జాతీయ భవన నియమావళి చెబుతుంది. అంటే సుమారు 102 చదరపు అడుగులు. 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవున్న హాలు దానికి ఒకటిముప్పావు రెట్లు. అయినా అందులో సోఫాకు సరైన చోటు దొరకదు. కారణం తలుపులు. ఆ హాలు నాలుగు గోడల పొడవూ కలిపితే 56 అడుగులు. అందులో వీధి తలుపుకు మూడున్నర, వంటింటికీ రెండు పడకగదులకూ మూడేసి, స్నానాలగదికి రెండున్నర, బాల్కనీ తలుపుకు ఆరు అడుగులు తీసేస్తే మిగిలేది 35. అదీ ముక్కలుముక్కలుగా. ముగ్గురు కూర్చునే సోఫాకు ఆరున్నర, ఏడు అడుగుల గోడ కావాలి. ఎక్కడా తెగకుండా అంత పొడవున్న గోడ ఇటువంటి హాల్లో ఒకటో రెండో ఉంటుంది.

దీనికి తోడు స్తంభాలు. లోపలి గోడలను నాలుగున్నర అంగుళాల మందంతో కట్టి, కాంక్రీటు స్తంభాలను తొమ్మిది అంగుళాలు, ఆపైన పోయడం వల్ల మూలల్లో స్తంభం గోడ దాటి ముందుకు వస్తుంది. బీరువా మూలకు ఆనదు, వెనక దుమ్ము చేరే సందు మిగులుతుంది. రెండు స్తంభాల నడుమ దొరికే ఆ నాలుగైదు అంగుళాల లోతులో పుస్తకాల అరలో, తాళాలూ కరెంటు బిల్లులూ పెట్టుకునే గూళ్లో బిగించుకోవచ్చు. నేల మీద అంగుళం చోటు కూడా పోదు.

ముందు నడక, తరవాత సామాను

ఇంటి ప్లానును మనుషుల నడక నుంచి చదవడం 1920లలో ఐరోపాలో ఒక పద్ధతిగా రూపుకట్టింది. నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి బెర్లిన్‌లో పనిచేసిన ఆర్కిటెక్టు అలెగ్జాండర్ క్లైన్ 1928లో రెండు ఇళ్ల ప్లాన్లను పక్కపక్కన పెట్టి, ఇంట్లోవాళ్లు తిరిగే దారులను వాటి మీద గీతలుగా గీసి చూపాడు. పాత తరహా ఇంట్లో ఆ గీతలు చిక్కుపడ్డాయి. ఆయన ప్రతిపాదించిన ఇంట్లో పడక, స్నానాల వైపు నడక ఒక దారిన, వంట, భోజనాల వైపు నడక మరో దారిన విడివిడిగా సాగాయి.

హాలుకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. అర అడుగుకు ఒక గడి లెక్కన గ్రాఫు కాగితం మీద గది గీసి, తలుపులు గుర్తుపెట్టి, పొద్దున ఏడు గంటల వేళ ఎవరు ఎక్కణ్నుంచి ఎక్కడికి నడుస్తారో గీయాలి. పడకగది నుంచి స్నానాలగదికి, వంటింటి నుంచి భోజనాల బల్లకు, బాల్కనీలో ఆరేసిన బట్టలకు, పాలప్యాకెట్ కోసం వీధి తలుపుకు. గీతలు దట్టంగా పడిన చోట సామాను ఉండకూడదు. గీతలు తగలని రెండు మూడు చోట్లే నిజంగా వాడుకోగలిగిన హాలు. ఎక్కువమంది నడిచే దారికి మూడడుగులు, ఒకరే అప్పుడప్పుడు వెళ్లే దారికి రెండడుగులు వదలాలి. సోఫాకూ టీపాయ్‌కీ మధ్య అడుగుంబావు నుంచి అడుగున్నర చాలు. భోజనాల బల్ల అంచు నుంచి గోడకు రెండున్నర, మూడడుగులు లేకపోతే కుర్చీ వెనక్కి లాగి లేవడం కష్టం.

కాగితం మీద కుదిరినది నేల మీద కుదరకపోవచ్చు. సుద్దముక్కతో గచ్చు మీద సోఫా, బల్ల అసలు కొలతల్లో గీసుకుని, లేదా వార్తాపత్రికలు ఆ మేరకు పరిచి, రెండు రోజులు వాటిని తొక్కకుండా తిరిగి చూడటం డబ్బు ఖర్చులేని పరీక్ష. గీతను పదేపదే తొక్కుతున్నారంటే అక్కడ వస్తువు పెట్టినా మోకాలికి తగులుతుంది. దుకాణంలో వెలుగుల మధ్య చిన్నగా కనిపించే సోఫా ఇంటికొచ్చాక గదినంతా ఆక్రమించడానికి కారణం ఈ పరీక్ష చేయకపోవడమే. నడక చూసుకున్న తరవాతే సామాను కొనాలనేది ఈ విషయంలో అన్నిటికన్నా విలువైన సలహా.

వేళను బట్టి మారే గది

ఒక గది పది పనులు చేయడం ఫ్లాట్లతో వచ్చిన సంగతి కాదు. మండువా లోగిళ్లలో వసారాలు ఎప్పుడూ అలాగే నడిచాయి. పొద్దున పీటలు వేస్తే భోజనశాల, మధ్యాహ్నం చాప పరిస్తే కునుకు తీసే చోటు, సాయంత్రం కబుర్లకు కొలువు. నులక మంచం, నవారు మంచం పగలంతా గోడకు నిలబెట్టి ఉండేవి. గిన్నెలు, పుస్తకాలు, దీపాలు మందపాటి గోడల్లోని గూళ్లలో, ఏడాదికొకసారి తీసే వస్తువులు అటక మీద ఉండేవి. నేల మీద కదలకుండా ఉండేది ఏదైనా ఉందంటే భోషాణం. అక్కడ పనులు పంచుకున్నది వేళను.

తరవాత బరువైన సామాను వచ్చింది. గాడ్రెజ్ సంస్థ 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టింది. క్రమంగా బీరువా పెళ్లి సామానులో భాగమైంది. సోఫా సెట్టు, షోకేసు, పెట్టె మంచం, ఆరు కుర్చీల డైనింగ్ టేబులు ఒకదాని వెంట ఒకటి చేరాయి. ఇవేవీ వేళతో పాటు కదిలేవి కావు. వేళను పంచుకునే పనులు చోటును పంచుకోవాల్సి వచ్చింది. నేటి హాలు కష్టాల్లో సగం ఇక్కడే పుట్టాయి.

జపాను సంప్రదాయ గది పాత పద్ధతిని విడిచిపెట్టలేదు. అక్కడ తటామీ చాపలు పరిచిన గదిలో రాత్రి పరుపు పరుస్తారు, పొద్దున మడిచి గోడ అలమరలో పెడతారు, కాళ్లు మడిచే పొట్టి బల్ల వేసి భోంచేస్తారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో 1924లో గెరిట్ రీట్‌వెల్డ్ కట్టిన ష్రోడర్ ఇల్లు ఇదే ఆలోచనకు ఆధునిక రూపం. ముగ్గురు పిల్లల తల్లి ట్రూస్ ష్రోడర్ ఆ ఇంటి రూపకల్పనలో సమానంగా పాలుపంచుకున్నారు. పై అంతస్తు పగలు ఒకే విశాలమైన గది. రాత్రి తలుపుల్లాంటి పలకలను జరిపితే విడివిడి గదులు. యునెస్కో 2000లో ఈ ఇంటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హాంకాంగ్ ఆర్కిటెక్టు గ్యారీ చాంగ్ మరింత ముందుకు వెళ్లాడు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో, చెల్లెళ్లతో కలిసి ఉన్న 32 చదరపు మీటర్ల ఫ్లాటులోనే ఆయన పైకప్పు పట్టాల మీద కదిలే గోడలు బిగించి, ఒకే చోటును 24 రూపాల్లోకి మార్చుకునేలా చేశాడు.

అంత ఖర్చు అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. గోడకు మడిచే బల్ల, కాళ్లకు చక్రాలున్న టీపాయ్, ఒకదానిలో ఒకటి పేర్చే ప్లాస్టిక్ కుర్చీలు, పైకప్పు నుంచి వేలాడే దళసరి తెర చాలావరకు అదే పని చేస్తాయి.

కూర్చునే చోటు

హాలు సర్దమంటే కుర్చీలన్నీ గోడలకు చేర్చి నడుమ ఖాళీ వదలడం చాలా ఇళ్లలో అలవాటు. 1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రి వృద్ధుల వార్డు ఇలాగే ఉండేది. కొత్త కుర్చీలు, కొత్త రంగులు, చక్కటి వెలుతురు ఉన్నా గోడ వెంట వరుసగా కూర్చున్న వృద్ధులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. మనస్తత్వవేత్త రాబర్ట్ సోమర్ తన సహచరుడితో కలిసి చిన్న బల్లలు తెప్పించి, కుర్చీలను వాటి చుట్టూ వేయించాడు. మొదట సిబ్బందికీ, వృద్ధులకూ అది నచ్చలేదు. కుర్చీలు మళ్లీ గోడకు చేరేవి. కొన్ని వారాలు పట్టుబట్టాక మాటలు స్పష్టంగా పెరిగాయి. మనుషుల మధ్య దూరాలను పరిశీలించిన ఎడ్వర్డ్ హాల్ 1966లో రాసిన పుస్తకంలో, పరిచయస్తుల మాటామంతీకి నాలుగు అడుగుల నుంచి పన్నెండు అడుగుల దూరాన్ని గుర్తించాడు. అందులో దగ్గరి సగమే ఇంటి కబుర్లకు హాయి. 18 అడుగుల హాల్లో ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుంటే మాట అరుపవుతుంది.

పొడవాటి హాలుకు మంచి ఉపాయం సోఫాను గోడకు ఆనించకుండా గదికి అడ్డంగా వేయడం. సోఫా ముందు కూర్చునే చోటు, వెనక భోజనాల చోటు ఏర్పడతాయి. గోడ కట్టకుండానే రెండు గదులు. పక్కన మూడడుగుల దారి వదిలితే బాల్కనీకి వెళ్లేవాళ్లు టీవీ ముందు నుంచి నడవనక్కర్లేదు.

టీవీ తెర బాల్కనీకి ఎదురుగా ఉంటే పగటిపూట అందులో కనిపించేది ఆకాశమే. వెలుతురు పక్క నుంచి పడే గోడ కావాలి. తెర మూల నుంచి మూలకు ఎంతుందో దానికి సుమారు 1.6 రెట్ల దూరంలో కూర్చుంటే కంటికి సుఖం. 43 అంగుళాల టీవీకి ఆరడుగుల లోపు, 55 అంగుళాలకు ఏడడుగుల పైచిలుకు.

విదేశీ పుస్తకాల్లో కనబడని నియమం ఇంకొకటి ఉంది: ఫ్యాను. ఫ్యాను కొక్కెం స్లాబు పోసేటప్పుడే కాంక్రీటులో కూరుకుపోతుంది, తరవాత జరగదు. మే నెలలో విజయవాడలో గానీ రామగుండంలో గానీ ఫ్యాను గాలి అందని సోఫాలో ఎవరూ కూర్చోరు. అందుకే హాల్లో రెండు కొక్కేలు ఉంటే ఒకదాని కింద కూర్చునే చోటు, రెండోదాని కింద భోజనాల బల్ల అని ముందే తీర్మానమైపోయినట్టే. కిటికీలో కూలరు పెట్టే ఇళ్లలో దాని ముందు ఎత్తైన వస్తువేదీ ఉండకూడదు. స్విచ్‌బోర్డులు కూడా ఇంతే మొండివి. బీరువా వెనక ప్లగ్గు దాగిపోతే ఎక్స్‌టెన్షన్ తీగ నడిచే దారికి అడ్డంగా పాకుతుంది.

బల్ల, పడక, పండగ

భోజనాల బల్ల ఎత్తు సుమారు 30 అంగుళాలు. రాతబల్లదీ దాదాపు అంతే. 2020 తరవాత ఇంటి నుంచి పని చేసేవాళ్లు పెరిగినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆ బల్లే ఆఫీసు కావడం అందువల్లే. నాలుగడుగుల బల్ల నలుగురి భోజనానికీ, ఇద్దరి చదువుకూ సరిపోతుంది. షరతు ఒక్కటే, పుస్తకాలూ ల్యాప్‌టాపూ భోజనం వేళకు వెళ్లి కూర్చోవడానికి చేతికందే దూరంలో ఒక అర ఉండాలి. అది లేని ఇంట్లో బల్ల సగం ఎప్పుడూ కాగితాల కిందే ఉంటుంది.

హాల్లో పడుకునేది ఎక్కువగా ఇంటి పెద్దవాళ్లు. ఈ విషయంలో అందం కన్నా భద్రత ముఖ్యం. దివాన్ కాట్ స్నానాలగదికి దగ్గరగా, వీధి తలుపు నుంచి నేరుగా కనబడని వైపు ఉండాలి. మంచం నుంచి స్నానాలగది దాకా రాత్రి నడిచే దారిలో టీపాయ్, తీగ, జారే కార్పెట్ ముక్క ఏదీ ఉండకూడదు. గాజు పలక టీపాయ్ ఉన్న ఇంట్లో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటే దాన్ని తీసేయడమే మేలు. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే అది తిరగడానికి ఐదడుగుల గుండ్రటి ఖాళీ కావాలి. అప్పుడు హాలు మొత్తాన్ని ఆ ఖాళీ చుట్టూ మళ్లీ సర్దుకోవాలి. పగలంతా హాల్లో గడిపే పెద్దవాళ్లకు వేళకు విశ్రాంతి దొరకాలంటే ఒక తెర తప్పనిసరి. అతిథులు వచ్చిన ప్రతిసారీ ఆ వయసులో లేచి కూర్చోవాల్సిన అవసరం ఉండకూడదు.

వాస్తును పాటించే ఇళ్లలో నైరుతి మూల బరువుకూ, ఈశాన్యం ఖాళీకీ, పూజకూ ముందే కేటాయించి ఉంటాయి. అటువంటి ఇంట్లో ఆ రెండు మూలలను తొలి గీతలుగా తీసుకుని మిగతాది వేయడం మంచిది. చివర్లో గుర్తొస్తే సర్దినదంతా తిరగతోడాలి.

ఏడాదిలో కొన్ని రోజులు హాలు పూర్తిగా ఖాళీ కావాలి. సత్యనారాయణ వ్రతానికి నడుమ పీట వేసి చుట్టూ చుట్టాలు కూర్చోవాలి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో మెట్లకు ఐదారడుగుల గోడ కావాలి. అందుకే పది నిమిషాల్లో ఇద్దరు మనుషులు పక్కకు జరపలేని వస్తువులు హాల్లో ఒకటి రెండుకు మించకూడదు. కాళ్ల కింద మందపాటి ఫెల్టు ముక్కలు అతికిస్తే బరువైన సోఫా కూడా గ్రానైట్ గచ్చు మీద గీతలు పడకుండా జరుగుతుంది.

సోఫా లోపలికి వస్తుందా

చివరి అడ్డంకి హాలు బయట ఉంటుంది. మెట్ల మలుపు, లిఫ్టు లోతు, మూడున్నర అడుగుల వీధి తలుపు, ఆ తలుపు ఎదురుగా ఇరుకైన నడవ. గణితజ్ఞులు కూడా ఈ ప్రశ్నతో తల పట్టుకున్నారు. ఒక యూనిట్ వెడల్పున్న నడవ లంబకోణంలో తిరిగే చోట మలుపు దాటగలిగే అతి పెద్ద ఆకారం ఏదని 1966లో లియో మోజర్ అడిగాడు. 1992లో జోసెఫ్ గెర్వర్ సుమారు 2.2195 చదరపు యూనిట్ల ఆకారాన్ని కనిపెట్టాడు. అంతకన్నా పెద్దది సాధ్యం కాదని 2024లో కొరియా గణితజ్ఞుడు జినియన్ బేక్ నిరూపణ ప్రకటించాడు. ఆ లెక్కలో సోఫాను పైకి ఎత్తడం, నిలబెట్టడం ఉండవు. అసలు ఇళ్లలో మోసేవాళ్లు దాన్ని నిలువుగా లేపి, తిప్పి, తలుపు రెక్కను కీళ్ల నుంచి ఊడదీసి లోపలికి తెస్తారు. అందుకే కొనే ముందు సోఫా పొడవుతో పాటు ఎత్తు, లోతు, కాళ్లు విప్పడానికి వీలుందా అన్నది కూడా అడిగి రాసుకోవాలి. రెండు మూడు ముక్కలుగా విడిపోయే సోఫా అయితే ఈ తంటాలు చాలావరకు తప్పుతాయి. పండగనాడు జరపడమూ తేలికే.