నాలుగు గొంతుల పాట

వీధుల్లో సరుకులమ్ముకునేవాళ్ళ కేకలు పాటకు వస్తువు కాగలవా? పదహారవ శతాబ్దపు ఫ్రాన్సులో అయినాయి. క్లెమాఁ జానెకాఁ అనే స్వరకర్త పారిస్ వీధుల్లో ద్రాక్షసారా, చేపలు, ఆవపిండి, పాత చెప్పులు అమ్మేవాళ్ళ అరుపులను 1530 ప్రాంతంలో నాలుగు గొంతులకు పంచి పాట కట్టాడు. 1515 నాటి మారిన్యానో యుద్ధాన్ని కూడా, వాద్యమేదీ లేకుండా, గొంతులతోనే పలికించాడు.

ఇటువంటి పాటను ఫ్రెంచివారు 'షాఁసోఁ' అంటారు. ఇది దైవస్తోత్రం కాదు, లౌకిక గీతం. నాలుగు గొంతులూ నాలుగు వేరువేరు వరుసలు పాడతాయి. ఒకటి ఎత్తుకున్న మాటను మరొకటి కాస్త వెనకగా అందుకుంటుంది. ఏ గొంతూ మరొకదానికి ఊడిగం చెయ్యదు.

ఈ పాట వ్యాప్తికి అచ్చుయంత్రం తోడ్పడింది. 1501లో వెనిస్‌లో పెత్రుచ్చి స్వరలిపిని అచ్చువేసినప్పుడు ఒక్కొక్క కాగితాన్ని ఒకటికి రెండుసార్లు యంత్రం కింద పెట్టవలసి వచ్చేది. 1528లో పారిస్‌లో పియెర్ అతెన్యాఁ గీతలనూ స్వరాలనూ ఒకే అచ్చులో పోతపోసి, ఒక్క దెబ్బతో ముద్రించాడు. ఖర్చు తగ్గింది. ఆస్థానాల పాట వర్తకుల ఇళ్ళకు చేరింది. అయితే కేకలు వేసినవాడి చేతికి కూడా ఆ పుస్తకం చేరిందనుకుంటే అది మన భ్రమే. బతుకు వాడిది, పుస్తకం కొనుక్కోగలవాడిది.

ఒక సంగతి మాత్రం గమనించదగినది. ఒక్కొక్క గొంతుకు ఒక్కొక్క పుస్తకం అచ్చయేది. నాలుగింటిలో ఒకటి పోతే పాట కుంటుపడుతుంది. అంటే ప్రతి గొంతుకూ లెక్క ఉంది.

ఆ రోజుల్లోనే మన అన్నమయ్య (1408-1503) సంకీర్తనలు రాగిరేకుల కెక్కాయి. రేకు మీద సాహిత్యమూ, రాగం పేరూ మిగిలాయి, వరుస మిగలలేదు. ఇవాళ మనం వింటున్న బాణీలు చాలావరకు ఇరవయ్యవ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే.

ఇక రాగిరేకూ, అచ్చూ రెండూ దక్కని పాటల మాటేమిటి? మా ఏన్కూరు ప్రాంతంలో నాట్లు వేసే ఆడకూలీల పాటలో ముందు ఒకామె అందుకుంటే, తక్కినవాళ్ళు వంత పలుకుతారు. ఇది ఫ్రెంచివారి బహుస్వర గానం కాదు, వరుస ఒక్కటే. కాని పని నడిచేది ఆ వంత మీదనే. 1958లో అచ్చయిన బిరుదురాజు రామరాజుగారి గ్రంథం మన జానపద గేయాలకు విశ్వవిద్యాలయంలో గౌరవస్థానం కల్పించింది. ఆ దారినే నేనూ నా విద్యార్థులచేత పాటలు రాయించాను. తరవాత నోటుపుస్తకాలు తిరగేస్తే ముందు పాడిన ఆమె మాటలే ఉన్నాయి. వంతను 'మొదలైనవి' అని కొట్టిపారేశాం. బురదలో నడుం వంచిన పదిమందిని ఒక్క మాటతో తుడిచేశాం.

సామూహిక శ్రమను గురించి వ్యాసాలు రాసే మనం ముందు ఈ లోపం దిద్దుకోవాలి. పాట సేకరించేటప్పుడు ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు అందుకున్నారు, ఏ పని మీద ఊపిరి తీసుకున్నారు అన్నది కూడా రాసుకుందాం. వంత లేని పాట సగం పాటే.