ఈ మాట ఎవరిది?

రేడియో నాటకంలో మీకు రంగస్థలం కనిపించదు. అయినా ఏ మాట ఎవరిదో గొంతును బట్టి పోల్చుకుంటారు. అచ్చు పుస్తకంలోనైతే పాత్ర పేరు ఎడమవైపున, మాట పక్కన ఉంటాయి. మరి కంప్యూటరుకు ఈ సంగతి చెప్పేదెలా?

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ హెచ్‌టీఎంఎల్ గుర్తులను రూపొందించి, 1991లో వాటి వివరణను వెలువరించారు. వాటిలో నిఘంటువు కోసం ఒక జాబితా ఉంది: ముందు పదం, ఆ వెంటనే అర్థం. 1997 డిసెంబరులో వెలువడిన నాలుగో హెచ్‌టీఎంఎల్ ప్రమాణం, పదం ఉండేచోట వక్త పేరు, అర్థం ఉండేచోట అతని మాట పెట్టి, సంభాషణకూ దీన్నే వాడుకోవచ్చన్నది.

కానీ రాముడి మాట రాముడికి అర్థం అవుతుందా? ఈ చిక్కు తీర్చడానికి ఐదో హెచ్‌టీఎంఎల్ తొలి ముసాయిదాల్లో సంభాషణకు ‘డైలాగ్’ అనే వేరే గుర్తు పెట్టారు. 2009లో దాన్ని తొలగించారు. తరువాత ఆ పేరు తెరమీద తెరుచుకునే చిన్న పెట్టెకు దక్కింది! 2014 ప్రమాణం నిఘంటు జాబితా సంభాషణకు తగదని, మామూలు పేరాల్లో పేరు, విరామచిహ్నం పెట్టి రాయమని చెప్పింది.

సంఘటనల వరుస సంగతి కొంత నయం. క్రమసంఖ్యల జాబితా 1995 నాటి ప్రమాణంలోనే ఉంది. తేదీలు తెలిపే ‘టైమ్’ గుర్తును మాత్రం 2011లో ముసాయిదా నుంచి తీసేసి, అభ్యంతరాలు రాగానే మళ్ళీ చేర్చారు.

ఈ గొడవ మనకెందుకంటారా? తంజావూరును 1684 నుంచి 1712 దాకా ఏలిన మరాఠా ప్రభువు శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. అటువంటి రచనలనో, మన ఇళ్ళలో పెద్దలు చెప్పే వలస కథలనో రేపు మీరు కంప్యూటరుకు ఎక్కిస్తారు. అప్పుడు ఒకరి మాట ఎర్ర రంగులో, మరొకరిది నీలంలో పెట్టి ఊరుకుంటే, చూపు లేనివారికి కంప్యూటరు చదివి వినిపించేటప్పుడు ఆ రంగులు వినబడవు. మాట మిగిలి, మనిషి మాయమవుతాడు.

కనుక ప్రతి మాటకూ ముందు పేరు అక్షరాల్లో రాయండి. సంఘటనలకు వరుస, సంవత్సరం ఇవ్వండి. గుర్తులు మారుతుంటాయి, అక్షరాల్లో రాసిన పేరు నిలుస్తుంది.