ఫిడేలు నాయుడుగారు

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పూర్తి పేరు తెలియనివారును "ఫిడేలు నాయుడు" అన్నచో వెంటనే గుర్తించెడివారు. వాద్యమే మనిషికి పేరగుట సామాన్య విషయము కాదు. అందును ఆ వాద్యము సీమనుండి వచ్చినది. గాయకుని ప్రక్కన కూర్చుండి, ఆయన పాడినదానిని అనుసరించుటకే అది తగునని పలువురు చాలకాలము తలచిరి. అట్టిదానిని వేదిక నడుమ కూర్చుండబెట్టిన ఘనత నాయుడుగారిది. ఆయనకు నిలువనీడ యిచ్చిన ఘనత విజయనగరముది.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రిగారు సైన్యమున ఉద్యోగి. బాల్యము విశాఖపట్టణ ప్రాంతమున గడచెను. కంటిచూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారే ఫిడేలు చేతికిచ్చి తొలి గురువైరి.

1919లో విజయనగర ప్రభువులు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పిరి. చూపులేని యొక బాలునికి సంగీతము నేర్పింపవలెనను తలంపే దానికి మూలమని పెద్దలు చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరగోరి వెళ్లిరట. వారి వాద్యము విన్న పిదప శిష్యస్థానమునకు మారుగా ఆచార్యస్థానమే లభించెను. అప్పటికి వారి వయస్సు పాతికేండ్లు. ఉద్యోగమునకు ముందుగా పరీక్షాపత్రములు చూపుమను ఈ కాలమువారికి ఇది వింతగా తోచవచ్చును గాని, దాసుగారు కాగితమును గాక కమానును పరీక్షించిరి. 1936లో నాయుడుగారే ఆ కళాశాలకు ప్రిన్సిపాలైరి.

వారి వాదనలోని విశేషమంతయు కమానులో నున్నది. కమానును తీగపై నొక్కినకొలది నాదము బలమగును, తేల్చినకొలది మెత్తనగును. పాశ్చాత్య విద్వాంసులు ఈ రహస్యమును బాగుగా సాధించిరి. నాయుడుగారు వారి రికార్డులను శ్రద్ధగా వినెడివారు; కాని విన్నదానిని అనుకరింపలేదు. ఆ బలమును, ఆ మెత్తదనమును మన గమకమునకు లొంగదీసి, మనిషి గొంతు పాడినట్లే తీగను పలికించిరి. వేగము చూపి చప్పట్లు కొట్టించుకొనుట సులభము. ఒక్క స్వరమును నిలిపి సభను నిశ్శబ్దము చేయుట కష్టము. నాయుడుగారు కష్టమైనదానినే ఎన్నుకొనిరి.

1938లో వేలూరునందు వారు మొదటిసారి ప్రక్కన గాయకుడు లేకయే, ఫిడేలే ప్రధానముగా కచేరీ చేసిరి. పాట లేని కచేరీని జనులు తుదివరకు కూర్చుండి విందురా యను శంక అక్కడితో తీరెను. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు సంగీత కళానిధి బిరుదమిచ్చిరి. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించెను. జగద్విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మద్రాసులో న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి యింట వీరి వాద్యము విని ప్రశంసించెను.

అయినను బిరుదములు పట్టణములకు తెలియును గాని పల్లెలకు తెలియవు. పల్లెలకు నాయుడుగారిని తెచ్చినవి గ్రామఫోను పళ్లెములు, పిమ్మట రేడియో. పళ్లెమునకు ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషములకు మించి పట్టదు. గంటల తరబడి విస్తరింపదగిన రాగమును అంతలో ముగింపవలెను. రాగము పేరైనను ఎరుగని రైతు సైతము ఆ కొద్దిపాటి నాదమునకే పని నిలిపి చెవియొగ్గెను. పండితుల మెప్పుకంటె ఇదియే పెద్ద కీర్తి యనవచ్చును.

1952లో వారు ఢిల్లీయందు అంధుల సహాయార్థము కచేరీ చేసిరి. 1964 నవంబరు 25వ తేదీన కీర్తిశేషులైరి. 1993లో, శతజయంతి సంవత్సరమున, భారత తపాలా శాఖవారు వారి పేర తపాలాబిళ్ల వెలువరించిరి.