మస్టరులో పేరుంటేనే భృతి

నెల మొదటి వారంలో జీతం డబ్బు చేతికొస్తేనే కదా, పాలవాడి లెక్కా, కిరాణా కొట్టు బాకీ, పిల్లల ఫీజులూ తీరేది! ఆ డబ్బు ఉన్నట్టుండి ఆగిపోతే? ‘‘ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ పని పోయినవాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తుందట. మన దగ్గర అలాంటిదేమీ లేదా?’’ అని అడుగుతుంటారు. ఉందీ, లేదూ కూడా. ఆ సంగతే ఇవాళ చెప్పుకుందాం.

ఇంగ్లండులో 1911లో చట్టం వచ్చింది. కార్మికుడూ, యజమానీ, ప్రభుత్వమూ తలా కొంత వేసిన నిధిలోంచి, కొన్ని పరిశ్రమల్లో పని పోయినవాళ్ళకి వారానికి 7 షిల్లింగుల చొప్పున 15 వారాల దాకా ఇచ్చారు. అమెరికాలో అలాంటి ఏర్పాటుకి 1935 చట్టంతో దేశమంతటా దారి పడింది.

మరి మన సంగతో? 1832-33లో వచ్చిన నందన కరువుని మన పెద్దలు డొక్కల కరువు అనేవారు. గుంటూరు సీమలో ఉన్న అయిదు లక్షల జనంలో రెండు లక్షలమంది దాకా పోయారని అంచనా. పొలంలో పని లేక, కూలి లేక, గింజ కొనే దారి లేక పోయిన ప్రాణాలే ఎక్కువ. ఆ తరవాత 1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు సర్కారువారు పనులు పెట్టారు. రాళ్ళు కొట్టి, మట్టి మోసిన మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలూ, ఒక అణా. అర్ధాకలితో ఉన్నవాడు ఆ తిండితో అంత చాకిరీ ఎలా చేస్తాడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ పోట్లాడాక గానీ కూలి పెంచలేదు. ‘పని చేస్తేనే కూడు’ అన్న పద్ధతి మన దేశంలో అలా స్థిరపడింది. పని పోయినవాడికి ఊరికే డబ్బివ్వడమన్న ఆలోచన చాలాకాలం దరిచేరలేదు.

1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 41వ అధికరణంలో ఆ మాట చోటు చేసుకుంది. నిరుద్యోగంలో ప్రజలకి ప్రభుత్వ సహాయం అందాలి, కానీ రాజ్యానికి ఉన్న ఆర్థిక శక్తికి లోబడి! పైగా ఆదేశిక సూత్రాల్లో చేర్చడంతో అది కోర్టుకెళ్ళి అడగదగిన హక్కు కాకుండా పోయింది. 1953లో బట్టల మిల్లుల్లో సరుకు గుట్టలు పడి వేలమందిని ఆపేసే పరిస్థితి వచ్చింది. అప్పుడు పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, భారం యజమాని మీద పెట్టారు.

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. కరెంటు లేకో, ముడిసరుకు రాకో, యంత్రం పాడయ్యో కొన్నాళ్ళు పని ఇవ్వలేకపోతే అది లే ఆఫ్. మనిషి పేరు మస్టరులోనే ఉంటుంది. మూలవేతనం, కరువుభత్యం కలిపి అందులో సగం ఇవ్వాలి. అయితే రోజూ వేళకి గేటు దగ్గరికెళ్ళి హాజరు వేయించుకోవాలి సుమండీ! ఇంట్లో కూర్చుంటే ఆ సగమూ రాదు. పేరు శాశ్వతంగా కొట్టేస్తే రిట్రెంచ్‌మెంట్. అప్పుడు పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. ఏడాది సర్వీసంటే 240 రోజుల పని. ఆ చట్టంలో ఆడవాళ్ళకి ప్రసూతి సెలవు 12 వారాల దాకా అందులో కలిసేది.

ఈ చట్టం పల్నాడులో ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు అని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. కుడిగట్టుకి దగ్గరి పట్నం మాచర్ల. సిమెంటూ, ఉక్కూ కరువైన రోజులు, చేతులకి కొదవలేని దేశం. అందుకని కాంక్రీటుతో కాక రాతికట్టడంగా ఆనకట్ట కట్టారు. పాలమూరు నుంచీ, చుట్టుపక్కల సీమల నుంచీ కుటుంబాలకి కుటుంబాలే తరలివచ్చాయి. మగవాళ్ళు రాయి పేరిస్తే, ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని సారవల మీద ఎక్కారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకి నీళ్ళు వదిలారు. డెల్టాకి 1855 నాటికే కృష్ణ నీళ్ళందితే, మెట్టసీమ పల్నాడుకి అందడానికి మరో నూటపన్నెండేళ్ళు పట్టిందన్నమాట!

నీళ్ళొచ్చాయి. మరి కట్టినవాళ్ళ పని? డ్యాము పూర్తయితే కూలీకి పని పోయినట్టే. ఈ సంగతి చట్టం చేసినవాళ్ళకీ తెలుసు. 1957 సవరణలో ఆనకట్టలు, కాలువలు, వంతెనలు అని పేరుపేరునా రాశారు. పని రెండేళ్ళలోపు పూర్తయిపోతే పరిహారం లేదు. అంతకు మించి సాగితే మాత్రం ప్రతి పూర్తి ఏడాదికీ లెక్కకట్టి ఇవ్వాలి. సాగర్ పని రెండేళ్ళు కాదు, పుష్కరం దాటింది. అయినా మేస్త్రీ వెంట వచ్చి, తొలకరికి ఊరికి పోయి, తిరిగొచ్చి మరో కంట్రాక్టరు కింద చేరిన మనిషికి 240 రోజుల లెక్క ఎక్కడ నిలుస్తుంది? పక్కన తట్ట మోసిన భార్య పేరు మస్టరులో లేకపోతే ఆమె ఏం చూపిస్తుంది? ఆ 240 రోజులూ పనిచేశానని రుజువు చేసుకోవలసింది కార్మికుడేనని 2002లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇంకో మెలిక కూడా ఉంది. 50 మందికి తక్కువున్న చోటా, సీజను పరిశ్రమల్లోనూ లే ఆఫ్ పరిహారం వర్తించదు. పత్తి వచ్చినప్పుడే ఆడే జిన్నింగు మిల్లుని సీజను పరిశ్రమ అంటే ఇక అడగడానికేముంది! మిరపకాయ తొడిమలు తీసే అమ్మకీ, పిడుగురాళ్ళ సున్నపు బట్టీ దగ్గర చిన్న జట్టులో చేసే కూలీకీ ఆ చట్టం చాలా దూరం.

ఇక ఇ.ఎస్.ఐ. సంగతి. 2005 ఏప్రిల్ 1న మొదలైన పథకంలో, ఫ్యాక్టరీ మూతపడో, రిట్రెంచ్‌మెంట్ వల్లో పని పోయిన బీమా కార్మికులకి భృతి ఇవ్వడం ఆరంభించారు. 2018 జులైలో మరొకటి పెట్టి, సగటు సంపాదనలో పావువంతు 90 రోజుల దాకా అన్నారు. 2020లో కరోనా వచ్చాక దాన్ని సగానికి పెంచారు. పని పోయిన 30 రోజులకే అడగవచ్చన్నారు. యజమాని ద్వారా వెళ్ళనక్కర్లేదు, బ్రాంచి ఆఫీసులో నేరుగా దరఖాస్తు ఇవ్వవచ్చన్నారు. కానీ రెండేళ్ళయినా బీమాలో ఉండాలి. తప్పు చేశారని తొలగించినవారికీ, స్వచ్ఛందంగా విరమించుకున్నవారికీ రాదు.

ఊళ్ళలో కూలీలకి 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంకో దారి చూపింది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే మొదటి 30 రోజులకి కూలిలో కనీసం పావువంతు, ఆపైన సగం నిరుద్యోగ భృతి అంది. అక్కడా కీలకం ఒక్కటే, తేదీ వేసిన రసీదు. అది లేకపోతే పని అడిగినట్టు రుజువేదీ? 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అంతకు నెల ముందు, నవంబరు 21న, పారిశ్రామిక వివాదాల చట్టం పోయి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. లే ఆఫ్‌కి సగం జీతం, ఏడాదికి 15 రోజుల పరిహారం అందులోనూ ఉన్నాయి. రిట్రెంచ్ అయినవారికి అదనంగా మరో 15 రోజుల జీతం, కొత్త పని నేర్చుకోవడానికని, 45 రోజుల్లో ఖాతాలో వెయ్యాలని కూడా రాశారు.

చూశారా, కరువు పనుల నాటి నుంచి ఇప్పటిదాకా సాయం ఎప్పుడూ గడప దాకా నడిచి రాలేదు. పేరు రాసి ఉన్నవాళ్ళకే, వెళ్ళి అడిగినవాళ్ళకే అందింది. ఇంట్లో కాగితాలు దాచేది మనమే కదా! నగల రసీదులు ఎంత భద్రంగా దాస్తామో మీకు తెలియనిది కాదు. ఉద్యోగంలో చేరిన ఉత్తర్వు, నెలనెలా జీతం చీటీ, ఇ.ఎస్.ఐ. నెంబరు, పి.ఎఫ్. కాగితం కూడా అంత భద్రంగానే ఉంచండి. ‘‘ఇక్కడ సంతకం పెట్టండి, డబ్బు తరవాత చూద్దాం’’ అంటూ రాజీనామా కాగితం చేతికిస్తే, మీవారిని గానీ, ఉద్యోగం చేసే మీ అమ్మాయిని గానీ తొందరపడి సంతకం పెట్టనివ్వకండి. తనంత తాను మానేశాడని రాసిచ్చినవాడికి రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదు. మీ ఇంట్లో అంట్లు తోమే మనిషి భర్త ఏ సిమెంటు ఫ్యాక్టరీలోనో, స్పిన్నింగు మిల్లులోనో చేస్తుంటే, ‘‘మీ ఆయన పేరు మస్టరులో ఉందా?’’ అని ఆమెని కూడా ఒకసారి అడగండి.