కలం కలకాలం.. పూత కొంతకాలం

రాజమహేంద్రవరం: గోదావరి తీరాన చేతితో పెన్నులు తయారు చేసే సంప్రదాయానికి తొమ్మిది దశాబ్దాల చరిత్ర ఉంది. స్వదేశీ ఉద్యమ కాలంలో గాంధీజీ ప్రోత్సాహంతో కోసూరి వెంకటరత్నం ఇక్కడ పెన్నుల తయారీకి శ్రీకారం చుట్టారు. ఆ పెన్నును వాడి చూసిన మహాత్ముడు 1935లో మెచ్చుకుంటూ లేఖ రాశారు. లేతుపై చెక్కిన ఎబోనైట్ పెన్నును జాగ్రత్తగా వాడుకుంటే తాత నుంచి మనవడి వరకు పనిచేస్తుంది. అయితే దాని క్లిప్పు, మూత అంచున ఉండే రింగుల మెరుపు కొన్నేళ్లకే మాసిపోతుంటుంది. దీంతో పెన్నే నాసిరకమని కొందరు పక్కన పడేస్తుంటారు. నిజానికి అరిగేది పూత మాత్రమే, పెన్ను కాదు.

మందమే కీలకం

క్లిప్పులు, రింగులను ఎక్కువగా ఇత్తడితో చేసి, విద్యుత్ సాయంతో వాటిపై బంగారం, నికెల్, క్రోమియం వంటి లోహాల పూత వేస్తారు. పూత మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. తేలికపాటి బంగారు పూత 0.2 మైక్రానుకు మించదు. మందపు పూత 2.5 మైక్రాన్లు, అంతకు పైబడి ఉంటుంది. కంటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. మన్నికలో మాత్రం ఎంతో వ్యత్యాసం ఉంటుంది. ‘బంగారు పూత’ అన్న మాటను బట్టి నాణ్యతను నిర్ణయించలేమన్నది ఇందుకే.

బంగారం తుప్పు పట్టదు, కానీ మెత్తని లోహం. జేబు అంచుకు రాసుకునే క్లిప్పు మొన, మూత బిగించే చోట ఉన్న రింగు ముందుగా అరుగుతాయి. కొద్దిగా కోబాల్టు లేదా నికెల్ కలిపిన బంగారు పూత ఇంతకంటే గట్టిగా ఉంటుంది. క్రోమియం, రోడియం పూతలు మరింత గట్టివి. శూన్యంలో లోహపు ఆవిరిని అంటించే పీవీడీ పద్ధతిలో వేసే టైటానియం నైట్రైడ్ పూత బంగారు వర్ణంలోనే ఉండి, గీతలను బాగా తట్టుకుంటుంది.

అడుగు పొర లేకుంటే అంతే

పైపూత ఎంత మేలైనదైనా అడుగున నికెల్ పొర లేకపోతే ఎక్కువ కాలం నిలవదు. ఇత్తడిలోని రాగి క్రమంగా బంగారంలోకి చొచ్చుకువచ్చి పైపొరను మసకబారుస్తుంది. పలుచని పూతలో కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలుంటాయి. వాటిగుండా చెమటలోని ఉప్పు, ఆమ్లాలు, గాలిలోని తేమ ఇత్తడిని చేరి చిలుము పట్టిస్తాయి. అడుగు పొర ఈ దారిని చాలా వరకు మూసివేస్తుంది.

ఎబోనైట్ పెన్నులకు మరో చిక్కు ఉంది. రబ్బరులో ఎక్కువ పాళ్లలో గంధకం కలిపి వేడి చేస్తే ఎబోనైట్ తయారవుతుంది. ఎండ, వేడి తగిలినప్పుడు దాని ఉపరితలం నుంచి గంధకపు సమ్మేళనాలు వెలువడతాయి. వెండి, రాగి వీటివల్ల నల్లబడతాయి. అందువల్ల గాలి చొరని పెట్టెలో ఏళ్ల తరబడి దాచిన పెన్ను కంటే, రోజూ వాడి తుడిచే పెన్నే ఒక్కోసారి మెరుగ్గా కనిపిస్తుంది.

పాళీ సంగతి

పాళీపై 585 అని ముద్ర ఉంటే అది 14 క్యారెట్ల బంగారం. అందులో పూత పోవడమనే ప్రశ్నే తలెత్తదు. స్టీలు పాళీకి బంగారు పూత ఉన్నట్లయితే, అది అరిగినా రాతకు ఇబ్బంది ఉండదు. కాగితాన్ని తాకే మొనకు వేరే గట్టి మిశ్రమలోహం అతికించి ఉంటుంది.

ఈ జాగ్రత్తలు అవసరం

* ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండు, బూడిద, పాలిష్ ద్రవాలతో రుద్దరాదు. అవి మురికితో పాటు పూతనూ తీసేస్తాయి.
* రాసిన తర్వాత మెత్తని పొడి నూలు గుడ్డతో చెమటను తుడవాలి. సిరా పడితే వెంటనే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.
* జేబులో తాళాలు, చిల్లర నాణేలతో కలిపి ఉంచరాదు.
* ఎండ పడే చోట, వేడెక్కే వాహనాల్లో వదిలేయరాదు.
* కొనేటప్పుడు పూత ఎన్ని మైక్రాన్లు, అడుగున నికెల్ ఉందా అని అడగాలి. నికెల్ పడని చర్మం ఉన్నవారు, చేతికి చెమట ఎక్కువగా పట్టేవారు పూత లేని టైటానియం క్లిప్పును ఎంచుకోవడం మేలు.

తిరిగి వేయించుకోవచ్చు

కలాయి పోయిన ఇత్తడి గిన్నెను ఎవరూ పారేయరు, మళ్లీ కలాయి వేయిస్తారు. పెన్ను క్లిప్పు విషయమూ అంతే. పాత పూతను తొలగించి, ఇత్తడిని శుభ్రం చేసి కొత్త పూత వేయవచ్చు. ఇందుకు లోహ భాగాలను పెన్ను నుంచి విడదీయాలి. పూత ద్రావణాల్లోని ఆమ్లం, క్షారం, వేడి ఎబోనైట్ రంగును చెడగొడతాయి. కాబట్టి కొనే ముందే క్లిప్పు, రింగులు ఊడివచ్చేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. అలా ఉన్న పెన్ను ఎన్ని పూతలు మారినా తరతరాలు నిలుస్తుంది.