బ్యాంకు పద్దుల బదిలీ



చిట్టాలోని పద్దును ఆవర్జాకు ఎక్కించుట మన వర్తకులకు చిరపరిచితమైన పని. ఒక పద్దు విడిచినను, రెండుమార్లు ఎక్కినను నిల్వ కుదరదు. బ్యాంకువారి లెక్కను ఇంటి కంప్యూటరులోని జమాఖర్చుల పుస్తకమునకు చేర్చుటలోను కష్టమిదియే. ఆ బదిలీ చరిత్రను నేడు మనవిచేయదలచితిని.

1983లో అమెరికాలో స్థాపితమైన ఇంట్యూట్ సంస్థ క్వికెన్ అను గృహగణన సాధనమును వెలువరించెను. దాని పద్దులను మోయు ఫైలు ఫార్మాటునకు క్యూఐఎఫ్ అని పేరు. అందు పంక్తి మొదటి అక్షరమే అర్థమును తెలుపును: డి యన్న తేది, టి యన్న మొత్తము, పి యన్న సొమ్ము పుచ్చుకొన్నవాడు. ఎవరైనను చదువవచ్చును. కాని 03/04 అని యున్నచో అది మార్చి 4 యో, ఏప్రిలు 3 యో తెలియదు. అమెరికావారు నెలను ముందు వ్రాయుదురు. మనము తేదిని ముందు వ్రాయుదుము. అంతకన్న పెద్దలోపము, బ్యాంకు ఇచ్చిన గుర్తింపుసంఖ్య పద్దునకు లేకుండుట. అదే నెల లెక్కను మరల చేర్చినచో పద్దులు రెట్టింపగు ప్రమాదము కలదు.

1997లో మైక్రోసాఫ్టు, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ సంస్థలు కలిసి ఓఎఫ్ఎక్స్ అను ఫార్మాటును ప్రకటించినవి. ఇందు సంవత్సరము, నెల, తేది ఆ వరుసనే యుండవలెను. ప్రతి పద్దునకు బ్యాంకు ప్రత్యేకసంఖ్య నీయవలెను. దానిని చూచి, ఇది ఇదివరకే ఎక్కినదని సాధనము గ్రహించును.

అయినను పెక్కు బ్యాంకులు కామాలతో వేరుచేసిన సీఎస్‌వీ పట్టికనే యిచ్చుచున్నవి. గడుల వరుస బ్యాంకుబ్యాంకునకు వేరు. 1,25,000 అను అంకె ఉద్ధరణచిహ్నములు లేక వచ్చినచో మూడు గడులుగా చీలిపోవును. ప్రత్యేకసంఖ్య లేనప్పుడు కొన్ని మార్పిడి సాధనములు తేది, మొత్తము, వివరములనుండి దానిని కల్పించును. ఒకే దినమున ఒకే బస్సుచార్జీని రెండుమార్లు చెల్లించితిమేని, ఆ రెండును ఒకటిగా లెక్కపడవచ్చును!

2009లో మైక్రోసాఫ్టు తన మనీ అను సాధనపు అమ్మకమును నిలిపివేసెను. ఏండ్లతరబడి అందులో లెక్కలు వ్రాసినవారు వేరుచోటికి తరలవలసివచ్చెను. వారికి బయటి ద్వారమైనది ఆ పాత క్యూఐఎఫే! లోపములున్నను అది అందరికి తెలిసినది. గ్నూక్యాష్ వంటి ఉచిత సాధనములును దానిని చదువగలవు. ఒక్క సంస్థకే అర్థమగు ఫార్మాటులో దాచిన లెక్క, తాళపుచెవి పరులయొద్దనున్న పెట్టెలోని సొమ్మువంటిదని నా యభిప్రాయము.

కావున బ్యాంకు ఇచ్చిన మూలపు ఫైలును భద్రపరుపుడు. మార్పిడి ముగిసినపిదప ప్రారంభపు నిల్వకు జమలు కూడి, ఖర్చులు తీసివేయుడు. వచ్చిన మొత్తము బ్యాంకు చూపు నిల్వకు సరిపడినగాని ఆ బదిలీని నమ్మవలదు.